మన్యపు బాలికలును నర్సు చదువును

ఇంటర్మీడియేటు పరీక్షాఫలితములు వెలువడిన నాటినుండి ఖమ్మము మొదలు భద్రాచలము దాకను, అటుపై దుమ్ముగూడెము, చర్ల, వెంకటాపురము, వాజేడు వఱకును గల పల్లెలలో అనేక గృహములందు ఒక్కటే ప్రశ్న వినబడుచుండును: పిల్లను ఏమి చదివింతము? ఇంజనీరింగునకు పంపు స్తోమతు లేదు. వైద్యవిద్యకు తగిన ర్యాంకు రాలేదు. ఉపాధ్యాయ శిక్షణ ముగించినవారు ఉద్యోగములకై ఏండ్లతరబడి ఎదురు చూచుచున్నారు. అప్పుడెవ్వరో ఒకరు "నర్సింగులో చేర్పింపుడు" అందురు. ఆ మాట మంచిదే. కాని ఏ నర్సింగు? ఏ పాఠశాల? ఎంత వ్యయము? ఎన్ని ఏండ్లు? ముగిసిన పిమ్మట ఏ ద్వారము తెఱచుకొనును? ఈ ప్రశ్నలకు సరియైన సమాధానము చెప్పువారు ఆ పల్లెలో అరుదు. అడుగకయే చెప్పుటకు సిద్ధముగా నుండువాడు దళారి యొక్కడే. కావున ఈ వారము ఈ విషయమును మా పాఠకుల యెదుట నుంచ దలచితిమి.

పట్టణవాసులకు దీనితో పనియేమని కొందఱు తలంపవచ్చును. ఈ సీమ స్వరూపము నొకమారు కన్నుల ముందుంచుకొన్నచో ఆ సందేహము నిలువదు. గోదావరి కిరువైపుల వ్యాపించిన ఈ అడవిసీమలో భద్రాచల ప్రాంతము 1959 వఱకు తూర్పు గోదావరి జిల్లాలోనిది. ఆ యేట ఖమ్మము జిల్లాలో చేరినది. 2014లో పోలవరము కారణముగా కూనవరము, చింతూరు, వరరామచంద్రపురము, కుక్కునూరు, వేలేరుపాడు మొదలగు మండలములు ఆంధ్రప్రదేశమున కలిసినవి. 2016లో జిల్లాలు చీలినపుడు భద్రాచలము భద్రాద్రి కొత్తగూడెము జిల్లాకు వచ్చినది. పాలకులు గీతలు మార్చుచుండిరి గాని, రోగములు గీతలను పాటింపవు. నేటికిని భద్రాచలము ప్రభుత్వ వైద్యశాలకు తెలంగాణపు మన్యమునుండియే గాక, విలీన మండలములనుండియు, ఛత్తీసుగఢు, ఒడిశా సరిహద్దు పల్లెలనుండియు రోగులు వచ్చుచున్నారు. కోయలు, కొండరెడ్లు, 2005 తరువాత ఛత్తీసుగఢునందలి కల్లోలమునకు వెఱచి వలస వచ్చిన గొత్తికోయలు, అందఱికిని ఆ తలుపే దిక్కు.

దారి లేని గూడెములనుండి నిండు గర్భిణులను డోలీ కట్టి, వాగులు దాటించి, మోసికొని వచ్చుట ఈ ప్రాంతమున అపూర్వమైన వార్త కాదు. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగుల మట్టమునకు పొంగినపుడు ఊళ్ళకు ఊళ్ళే దారులు తెగి ద్వీపములైనవి. అట్టి దినములలో పట్టణమునందలి పెద్ద డాక్టరు గూడెమునకు చేరలేడు. గూడెమునందలి గర్భిణి పట్టణమునకు రాలేదు. నడుమ నుండవలసినది ఎవరు? మైదానములందు 5,000 జనులకును, కొండ, గిరిజన ప్రాంతములందు 3,000 జనులకును ఒక ఆరోగ్య ఉపకేంద్ర ముండవలెనని దేశమంతట అంగీకరింపబడిన నియమము. ఆ ఉపకేంద్రమున దినదినము పని చేయునది నర్సమ్మయే. టీకా వేయునది, గర్భిణి రక్తపు పోటు చూచునది, మలేరియా జ్వరమునకు రక్తపు చుక్క తీయునది, "ఇక ఆలస్యము వలదు, ఆసుపత్రికి పదండి" అని చెప్పునది ఆమెయే. ఆమె పదవి ఖాళీగా నున్నచో వైద్యవిధాన మంతయు కాగితముపై నుండిపోవును.

పదవి నిండిననే చాలునా? నర్సమ్మకు కోయభాష రానిచో రోగి చెప్పు బాధలో సగము గాలిలో కలియును. నొప్పి ఎక్కడ మొదలైనది, ఎన్ని దినములైనది, కడుపులో బిడ్డ కదలిక ఎప్పటినుండి తగ్గినది అను మాటలు పరభాషలో చెప్పుకొనుట ఎంత కష్టమో పరదేశమున జబ్బుపడినవారికే తెలియును. మైదానమునుండి వచ్చిన నర్సు ఎంత సహృదయురాలైనను, మొదటి బదిలీ అవకాశమునకై ఎదురు చూచుట సహజము; ఆమె పిల్లల చదువు, ఆమె కుటుంబము అక్కడ నుండును. గూడెమున పుట్టి, ఆ భాషలో పెరిగి, ఆ వాగుల పేరులెఱిగిన బాలిక నర్సైనచో, ఆమె తన యింటికి తాను వచ్చినట్లే. మన్యపు బాలికకు నర్సు చదువు చెప్పించుట ఆ బాలికకు చేయు ఉపకారము మాత్రమే కాదు. మన్యమునకు కావలసిన వైద్యము. మేము చెప్పదలచిన ముఖ్య విషయమిదియే. తక్కినదంతయు దీనిని సాధించు మార్గమును గూర్చినది.

ఈ వృత్తి మన దేశమున చిరకాలము చిన్నచూపునకు గురియైనది. లండనులోని సెయింటు థామసు ఆసుపత్రిలో 1860లో శిక్షణాలయమును నెలకొల్పి నర్సు వృత్తికి గౌరవము తెచ్చిన ఫ్లోరెన్సు నైటింగేలు, గోదావరి ఆనకట్ట కట్టిన కాటను దొర వాదమును బలపరచుచు మన దేశపు నీటిపారుదలను గూర్చియు వ్రాసినది. గోదావరి తీరమును తలచుకొన్న ఆ మహనీయురాలి వృత్తి గోదావరి తీరపు గృహములలో మాత్రము ఆదరము పొందలేదు. పరుల దేహమును తాకుట, రాత్రివేళ పని చేయుట కులస్త్రీకి తగదని మన పెద్దలు తలచిరి. ఫలితమేమి? 1946లో భోరు సంఘము తన నివేదికను సమర్పించునాటికి దేశమున 43,000 మందికి ఒక్క నర్సు! ఆ యేటనే ఢిల్లీలోను, వేలూరులోను నర్సింగులో నాలుగేండ్ల పట్టవిద్య ప్రారంభమైనది. మరుసటి యేట, 1947లో, ఇండియను నర్సింగు కౌన్సిలు చట్టము వచ్చినది. స్వరాజ్యముతో పాటు పుట్టిన వృత్తిగౌరవ మిది.

తెలుగువారిలో ఈ లోపమును గుర్తించి పని చేసినవారిలో శ్రీమతి దుర్గాబాయి దేశముఖు గారిని స్మరింపక తప్పదు. రాజమహేంద్రవరమున జన్మించిన ఆమె 1937లో చెన్నపట్టణమున ఆంధ్ర మహిళాసభను స్థాపించిరి. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలై, 1958లో వయోజన స్త్రీల కొఱకు సంక్షిప్త విద్యాక్రమమును ప్రవేశపెట్టిరి. ఆమె వాదము మిక్కిలి సరళము. పల్లెలకు నర్సులు, మంత్రసానులు, ఉపాధ్యాయినులు కావలెను. చదువు మధ్యలో మానిన స్త్రీలకు జీవనోపాధి కావలెను. నడుమ అడ్డము నిలిచినది పరీక్షార్హత ఒక్కటే. ఆ అర్హతను రెండేండ్లలో సంపాదించు ఏర్పాటు చేసినచో రెండు అవసరములును ఒకేమారు తీరును. మన్యపు బాలికకు నేడు అడ్డము నిలుచునదియు అదే: సామర్థ్యము కాదు, సకాలమున సరియైన అర్హత.

ఇపుడు మార్గములను వివరింతుము. నర్సు విద్యకు ముఖ్యమైన మెట్లు మూడు. మొదటిది ఏ.ఎన్.ఎం.; రెండేండ్ల చదువు. ఉపకేంద్రమున పని చేయు నర్సమ్మ చదువిది. రెండవది జి.ఎన్.ఎం.; మూడేండ్లు. ఆసుపత్రులలో స్టాఫు నర్సు పదవికి అర్హత నిచ్చును. మూడవది బి.ఎస్సీ. నర్సింగు, నాలుగేండ్లు. ఇది విశ్వవిద్యాలయపు పట్టము. మూడింటికిని కనీస వయస్సు 17 సంవత్సరములు. మొదటి రెండింటికి ఇంటర్మీడియేటు ఏ శాఖలో ఉత్తీర్ణులైనను చేరవచ్చును, సైన్సు వారికి మొగ్గు ఉండును. బి.ఎస్సీ.కి మాత్రము భౌతిక, రసాయన, జీవశాస్త్రములు మూడును చదివి, సాధారణ వర్గమువారు 45 శాతము, షెడ్యూల్డు కులముల, తెగల వారు 40 శాతము మార్కులు పొందియుండవలెను.

ఈ నియమమునందే అనేక బాలికల భవిష్యత్తు తెలియకుండ నిర్ణయమగుచున్నది. పదవ తరగతి ముగిసిన వేసవిలో, సమీపమున నున్నదనియో, స్నేహితురాలు చేరినదనియో, బాలిక ఆర్ట్సు శాఖలో చేరును. రెండేండ్ల తరువాత బి.ఎస్సీ. నర్సింగు ద్వారము మూసికొనియుండుట చూచి విచారించును. కావున నర్సు కాగోరు బాలిక నిర్ణయము ఇంటర్మీడియేటు తరువాత కాదు, పదవ తరగతి తరువాతనే జరుగవలెను. ఆమె బై.పి.సి. శాఖలో చేరవలెను. గురుకుల పాఠశాలల ఉపాధ్యాయులకు మేము చేయు మొదటి మనవి యిది. పదవ తరగతి బాలికలను కూర్చుండబెట్టి ఈ ఒక్క విషయమును అరగంటసేపు విడమఱచి చెప్పినచో, ఏ పథకమును చేయజాలని మేలు కలుగును.

వృత్తివిద్యా ఇంటర్మీడియేటులో మహిళా ఆరోగ్య కార్యకర్త శిక్షణ, అనగా ఎం.పి.హెచ్.డబ్ల్యు., అను శాఖ కలదు. పదవ తరగతి పిమ్మట రెండేండ్లలో ముగియును గనుక బీద కుటుంబములు దీనివైపు మొగ్గుట సహజము. త్వరగా జీవనోపాధి కావలసినవారికి ఇది తగిన మార్గమే. కాని ఆ చదువు బి.ఎస్సీ. నర్సింగుతో సమానము కాదనియు, ఉపకేంద్రపు పదవులకు ఆ చదువుతో పాటు ఆసుపత్రిలో అప్రెంటిసుగా పని చేయుటయు, నమోదును అవసరమనియు చేరక ముందే తెలిసికొనవలెను.

క్రింది మెట్టున చేరినవారు అక్కడనే ఆగిపోవలసిన పని లేదు. నమోదైన ఏ.ఎన్.ఎం. జి.ఎన్.ఎం.లో చేరవచ్చును. జి.ఎన్.ఎం. ముగించినవారు రెండేండ్ల పోస్టు బేసికు బి.ఎస్సీ. చదువవచ్చును, తరువాత ఎం.ఎస్సీ. చేసి బోధకురాలు కావచ్చును. ప్రసూతి విద్యలో నైపుణ్యము కోరువారికి, తెలంగాణమున 2017లో కరీంనగరమునందు మొదలైన 18 నెలల మిడ్వైఫరీ శిక్షణ వంటి మార్గములును గలవు. పురుడు పోయుట ముఖ్యమైన పనియైన మన్యమునకు ఇది మిక్కిలి ఉపయుక్తమైన విద్య.

ఏది ఎవరికి తగును? కాలమును లెక్కింపుడు. జి.ఎన్.ఎం. మూడేండ్లు, దానిపై పోస్టు బేసికు రెండేండ్లు, వెరసి ఐదు. తిన్నగా బి.ఎస్సీ. నాలుగే. ఇంటిలో నాలుగేండ్లు ఓపిక పట్టగల స్థితి యున్నచో బి.ఎస్సీ.యే చివరకు చవక. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థల నర్సు పరీక్షకు బి.ఎస్సీ. ముగించినవారు వెంటనే అర్హులు, జి.ఎన్.ఎం. వారు 50 పడకలకు తగ్గని ఆసుపత్రిలో రెండేండ్లు పని చేసి యుండవలెను. ఐనను రాష్ట్రమునందు స్టాఫు నర్సు పదవులకు ఇరువురును అర్హులే. కావున త్వరగా సంపాదన కావలసిన యింటి బాలిక జి.ఎన్.ఎం. చదివి, ఉద్యోగము చేయుచు తరువాతి మెట్టెక్కుట ఎంతమాత్రము చిన్నతనము కాదు.

ఇక వ్యయము. మన జనులు పాఠశాలను ఎన్నుకొనునపుడు "సంవత్సరమునకు ఫీజెంత?" అని యడిగి, తక్కువ చెప్పినచోట చేర్చుచున్నారు. ఇది ఎద్దు వెల అడిగి మేత మాట మఱచుట వంటిది. ఫీజుతో పాటు వసతిగృహము, భోజనము, యూనిఫారము, పుస్తకములు, పరీక్షరుసుము, ఆసుపత్రికి పోయివచ్చు బస్సు ఖర్చు, తుదకు నమోదు రుసుము, ఇవన్నియు కూడి, చదువు ముగియు నాటికి మొత్తమెంతయో లెక్కించినపుడే చవకయో ప్రియమో తేలును. భద్రాచలమునుండి ఖమ్మము సుమారు 120 కిలోమీటర్లు. హైదరాబాదు 300 కిలోమీటర్లకు పైమాటే. దూరము పెరిగినకొలది వ్యయమును పెరుగును, ఇంటిపై బెంగతో చదువు మానుకొను ప్రమాదమును పెరుగును.

ఈ దృష్టితో చూచినచో మొదట ప్రయత్నింపదగినది ప్రభుత్వ సంస్థలోని సీటు. అక్కడ ఫీజు స్వల్పము. విద్యార్థినులకు నెలసరి భృతి కలదు. అభ్యాసమునకు నిండైన ఆసుపత్రి యుండును. రెండవది ప్రైవేటు కళాశాలలోని కన్వీనరు కోటా సీటు. షెడ్యూల్డు కులముల, తెగల, వెనుకబడిన వర్గముల విద్యార్థినులు ఆదాయ పరిమితికి లోబడినచో బోధనారుసుము తిరిగి చెల్లించు ప్రభుత్వ పథకము ఈ సీట్లకు వర్తించును. మూడవది యాజమాన్యపు కోటా. దీనికి ఆ పథకము వర్తింపదు. దళారి ఎక్కువగా చూపునది ఈ మూడవ ద్వారమునే. "స్కాలర్షిప్పు వచ్చును, మీరేమియు కట్టనక్కఱలేదు" అని నోటిమాట చెప్పి ఈ కోటాలో చేర్చినచో, రెండవ యేట ఆ కుటుంబము అప్పుల పాలగుట తథ్యము. సీటు ఏ కోటాలోనిదో కాగితముపై వ్రాయించుకొనక రూపాయియైనను చెల్లింపరాదు.

బి.ఎస్సీ. సీట్ల ప్రకటనను తెలంగాణమున వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయము వెలువరించును. జి.ఎన్.ఎం. ప్రకటన వేరుగా వచ్చును. ప్రవేశనియమములు యేటేట మారుచుండును గనుక, క్రిందటి యేటి మాట విని కూర్చుండక ఆ యేటి ప్రకటననే చదువవలెను. విలీన మండలముల బాలికల స్థితి మఱింత చిక్కైనది. కూనవరము బాలికకు భద్రాచలమే సమీపపు పట్టణము. ఆమె తల్లి పురుడు పోసికొన్నది బహుశః అక్కడనే. ఐనను ఆమె స్థానికత ఆంధ్రప్రదేశమున నుండుటచే ఆమె ప్రకటన విజయవాడ విశ్వవిద్యాలయమునుండి రావలెను. ఏ రాష్ట్రపు ప్రకటనను చూడవలెనో తెలియక గడువు దాటించుకొనుట ఈ సరిహద్దున ఎంతయు సంభవము. కులధ్రువీకరణము, ఆదాయధ్రువీకరణము, స్థానికతకు చదువు ధ్రువపత్రములు, బ్యాంకు ఖాతా, వీనిని ఫలితములకు ముందే సిద్ధపఱచుకొనవలెను. ప్రకటన వచ్చిన పిమ్మట మండల కార్యాలయము చుట్టును తిరుగ మొదలిడినచో గడువు ఆగదు.

పాఠశాల మంచిచెడ్డలను తెలిసికొనుటకు కొన్ని పరీక్షలు గలవు. మొదటిది, ఆ సంస్థకు రాష్ట్ర నర్సింగు కౌన్సిలు అనుమతి కలదా? బి.ఎస్సీ. యైనచో విశ్వవిద్యాలయపు అనుబంధము కలదా? ఈ జాబితాలు ప్రకటింపబడుచునే యున్నవి. కళాశాల గోడపై బోర్డును నమ్మక జాబితాలో పేరును చూడవలెను. రెండవది, ఆసుపత్రి. నర్సింగు నేర్పు సంస్థకు సాధారణముగా 100 పడకల మాతృ ఆసుపత్రి యుండవలెనని నియమము. పడకలు కాగితముపై నున్నవో, వానిపై రోగులున్నారో కన్నులార చూచి రావలెను. రోగి లేని ఆసుపత్రిలో నేర్చిన నర్సింగు నీరు లేని చెఱువులో నేర్చిన ఈత వంటిది. మూడవది, బోధకులెందఱు? వారు నిత్యము వచ్చువారా, తనిఖీనాడు మాత్రము కనబడువారా? నాలుగవది, వసతిగృహము, రాత్రి పనికి పోయివచ్చు బాలికలకు రక్షణ యేమి? ఐదవది, క్రిందటి రెండు మూడేండ్లలో అక్కడ చదివినవారిలో ఎందఱు ఉత్తీర్ణులై నమోదు పొందిరి? ఈ ఐదవ ప్రశ్నకు సమాధానము కళాశాల కచేరీలో గాక, అక్కడ చదివి వచ్చిన బాలికల వద్దనే అడుగవలెను.

ఆఱు నెలలలో నర్సును చేయుదుమను ప్రకటనలు గోడలపై కనబడుచున్నవి. అట్టి కాగితముతో కౌన్సిలులో నమోదు లభింపదు. నమోదు లేనివారు చట్టము దృష్టిలో నర్సులు కారు. ప్రభుత్వోద్యోగమునకు అర్హత లేదు. ధనమును పోయి, వయస్సును పోయి, ఆ బాలిక రెంటికి చెడిన రేవడి యగును. దూరరాష్ట్రపు కళాశాలలకు గుంపులుగా తీసికొనిపోవు దళారుల విషయమును అట్టిదే. బయటి రాష్ట్రమున మంచి సంస్థలు లేవని మేమనుట లేదు. కాని అక్కడి చదువుకు మన రాష్ట్రపు స్కాలర్షిప్పు వర్తించునా, తిరిగి వచ్చి యిక్కడ నమోదు చేయించుకొనుట కేమేమి కావలెను అను విషయములు తెలిసికొనక బయలుదేరరాదు. అసలు ధ్రువపత్రములను ఎవరి చేతికిని ఇచ్చి విడువరాదు. నకళ్ళు ఇచ్చి, రసీదు పుచ్చుకొనవలెను. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల?

ఇంత శ్రమపడి చదివినచో ఫలమేమని తల్లిదండ్రులడుగుట న్యాయమే. తెలంగాణ ప్రభుత్వము 2022 డిసెంబరులో 5,204 స్టాఫు నర్సు పదవులకు ప్రకటన వెలువరించి, తరువాత ఆ సంఖ్యను పెంచి, 2024 జనవరి 31న 6,956 మందికి నియామకపత్రము లిచ్చినది. కొత్తగూడెమున 2022లోను, ఖమ్మమున 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు తెఱువబడినవి. వైద్యకళాశాల వచ్చినచోట పడకలు పెరుగును. పడకలు పెరిగినచోట నర్సులు కావలెను. విదేశములందును మన నర్సులకు గిరాకీ కలదు. రాష్ట్ర ప్రభుత్వపు సంస్థయే జర్మనీ భాష నేర్పి పంపు ఏర్పాటు చేయుచున్నది. పోగోరువారిని మేము వారింపము. కాని నూర్గురు పోయినను పదిమందియైన మన్యమున నిలుచునట్లు చూచుకొనుట మన బాధ్యత.

ప్రైవేటు ఆసుపత్రులలోని జీతముల సంగతి మాత్రము విచారకరము. 2016లో సుప్రీంకోర్టు ఆదేశముపై ఏర్పడిన సంఘము, 50 పడకలకు లోబడిన ఆసుపత్రిలో సైతము నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తక్కువ ఈయరాదనియు, 200 పడకలు దాటిన ఆసుపత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానముగా ఈయవలెననియు సిఫారసు చేసినది. సిఫారసు చట్టము కాకపోవుటచే అనేక స్థలములందు అది గ్రంథస్థమై నిలిచినది. రేయింబవళ్ళు మనలను కాపాడు హస్తమునకు కూలి తగ్గించి, ఆ హస్తమునే దేవతాహస్తమని కొనియాడుట కపటము. ప్రశంస వేతనమునకు బదులు కాజాలదు.

ఇప్పుడు ప్రభుత్వములతో రెండు మాటలు. కేంద్ర ప్రభుత్వము 2023 ఏప్రిలులో 157 నూతన నర్సింగు కళాశాలలను 1,570 కోట్ల రూపాయల వ్యయముతో మంజూరు చేసినది. కేంద్ర సహాయముతో 2014 తరువాత వెలసిన వైద్యకళాశాలల ప్రక్కన వీనిని కట్టవలెనని నిర్ణయము. ఆ వైద్యకళాశాలలలో ఆంధ్రప్రదేశమునకు పాడేరు, మచిలీపట్టణము, పిడుగురాళ్ళ అను మూడు దక్కినవి. తెలంగాణమున కొక్కటియు దక్కలేదు గనుక నర్సింగు కళాశాలయు దక్కలేదు. రాష్ట్రము తన ధనముతో వైద్యకళాశాలలు కట్టుకొన్న పాపమునకు నర్సింగు కళాశాల కూడ లేదనుట ఏ న్యాయశాస్త్రము? భద్రాచల మన్యము దేశములోనిది కాదా?

రాష్ట్ర ప్రభుత్వము గుర్తింపవలసినది మఱియొకటి గలదు. షెడ్యూల్డు ప్రాంతములందలి ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకే యని 2000లో ఉమ్మడి రాష్ట్రము వెలువరించిన 3వ నంబరు జీ.ఓ.ను 2020 ఏప్రిలు 22న సుప్రీంకోర్టు కొట్టివేసినది. ఆ తీర్పు ఉపాధ్యాయులను గూర్చినదైనను, నూటికి నూరు పదవులు కేటాయించి మన్యమున మన్యపు బిడ్డలను నిలుపవచ్చునను ఆశను సన్నగిల్లజేసినది. ఇక మిగిలిన దారి, పోటీలో నెగ్గగల మన్యపు బాలికలను వందలుగా తయారుచేయుట. పరీక్షలో నిలుచు అభ్యర్థినులే లేనిచో ఏ కేటాయింపును ఫలింపదు. ఈ రెండు జిల్లాలలో ఎన్ని నర్సింగు భవనములు లేచినవని మేమడుగము. ఆ భవనముల బల్లలపై కూర్చున్న బాలికలలో ఎందఱికి కోయభాష వచ్చునని యడుగుదుము.

భద్రాచలములోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థకు ఈ పని కొత్త కాజాలదు. గురుకులములందలి బై.పి.సి. బాలికలకు నర్సింగు ప్రవేశమునకై వేసవిలో శిక్షణ, దరఖాస్తు రుసుము, ప్రయాణపు ఖర్చు, చేరిన తొలిమాసపు వసతివ్యయము ఆ సంస్థ భరించినచో చాలును. స్కాలర్షిప్పు బకాయిలను సకాలమున చెల్లింపవలెను. ప్రభుత్వము చెల్లింపని బాకీకి విద్యార్థిని ధ్రువపత్రములను తాకట్టుగా ఉంచుకొను దుర్నయమును కఠినముగా అణచవలెను. ఈ జిల్లాల నర్సింగు విద్యార్థినులందఱును కొన్ని వారములు మన్యపు ఆరోగ్యకేంద్రములలో అభ్యాసము చేయవలెను; కోయేతరులైన నర్సులకు రోగిని పలుకరింపజాలునంత కోయభాష నేర్పవలెను. సరిహద్దు మండలముల విషయమున రెండు తెలుగు ప్రభుత్వములును కూర్చుండి, సమీపపు సంస్థలో చదువుకొను వీలు కల్పింపవలెను. వీనిలో ఏ ఒక్కటియు కోట్లు కోరునది కాదు.

తుదకు మా పాఠకులతో. పఠనమందిరమునకు వచ్చువారు వార్త చదివి, నిట్టూర్చి, పత్రిక మడచి పోవుట ఆచారమైపోయినది. ఈ విషయమున చేతనైన పని మీ యెదుటనే యున్నది. నర్సింగు ప్రవేశపు ప్రకటన వచ్చిన దినముననే దాని సారాంశమును, గడువు తేదీని పెద్దయక్షరములతో వ్రాసి మందిరపు గోడపై అంటింపుడు. సంతదినమున పల్లెవారు పట్టణమునకు వత్తురు. ఆ నాడు ఒకరు కూర్చుండి దరఖాస్తులు నింపి యిండు. ఇంటర్నెట్టు కేంద్రమున తప్పుగా నమోదైన ఒక్క అక్షరము ఒక బాలికకు ఒక సంవత్సరమును పోగొట్టునని యెఱుగుడు. మీ వీథిలో నర్సుగా పని చేయు సోదరి యున్నచో ఆమెను పిలిచి గురుకులమున ఒక గంట మాటాడింపుడు. తమ మధ్యనుండి వెళ్ళిన స్త్రీ చెప్పిన మాటకు గల విలువ మా సంపాదకీయమునకు లేదు. రాత్రి పని చేయు నర్సును గూర్చి పలుచగా మాటాడు నోటిని మూయింపుడు. ఆ మాటయే ఎందఱో తల్లిదండ్రులను వెనుకకు లాగుచున్నది.

ఒక బాలికకు నర్సు విద్య ముగియుటకు మూడు నాలుగేండ్లు పట్టును. ఈ వేసవిలో మనము ఏమఱినచో, మూడు నాలుగేండ్ల తరువాత ఏదో ఒక ఉపకేంద్రము తలుపు తాళమువేసి యుండును. వాగు పొంగినరాత్రి అచ్చటికి వచ్చిన గర్భిణి ఆ తాళమును చూచి తిరిగి పోవును. దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలు చెప్పిరి. ఈ యేటి ప్రవేశములు ముగియక మునుపే మన ఊరినుండి ఎందఱు బాలికలు దరఖాస్తు చేసిరో లెక్క వేసికొందము. ఆ సంఖ్యయే మన మన్యాభిమానమునకు కొలబద్ద.